టిండాల్ అంటే ఏటి?

"ఆ పళ్ళెం లోపలికి తీసుకెళ్ళకు. అక్కడే ఉండనీ," అన్నాడు గోపాలం.

రాధాకుమారి పళ్ళెం పట్టుకుని గది మధ్యలో ఆగిపోయింది. తమలపాకుల అంచులు నల్లబడ్డాయి. కొబ్బరికాయ, పసుపుకొమ్ములు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. నిన్న పెళ్ళికొడుకు తరపువాళ్ళు తాంబూలాలు పుచ్చుకోకుండానే లేచి వెళ్ళిపోయారు. అప్పటినుంచి ఆ పళ్ళేన్ని ఎవరూ ముట్టుకోలేదు.

"వాడిపోయిన ఆకులు ఎవులికిస్తావేటి?" అంది భర్తతో.

"తీసేస్తే సంబందం మనమే వద్దనుకున్నట్టు ఉంటాది. వాళ్ళు మళ్ళీ వస్తామన్నారు కదా."

"వస్తారు. వచ్చి ఏటడుగుతారో నీకు తెలుసు. దానికేటి సెప్తావో అది ముందు ఆలోచించు."

పొద్దున్నుంచీ కరెంటు లేదు. మూడో అంతస్తులోని ఆ ఇంట్లోకి రంగూన్ పజుండౌంగ్ వీధిలోని జనరేటర్ల మోత అంతా వస్తోంది. వాటిలో సగం గోపాలం బాగుచేసినవే. కింద ఆయన కొట్టు మీద "టిండాల్ ఎలక్ట్రికల్స్" అని ఎర్రటి అక్షరాలతో బోర్డు ఉంది. చుట్టుపక్కల తెలుగువాళ్ళంతా ఆయన్ని టిండాల్ గోపాలం అంటారు. నిన్నటిదాకా ఆ పిలుపు వింటే ఆయనకు గర్వంగా ఉండేది.

నిన్న జరిగింది చిన్న మాటే. శుభలేఖ ఎలా అచ్చువేయించాలో చూస్తూ, పెళ్ళికొడుకు మేనమామ కనకరాజు "టిండాల్ గోపాలం గారి కుమార్తె జయంతి" అన్నచోట ఆగాడు. రేవులో గుమాస్తాగా చేసి దిగిపోయిన మనిషి ఆయన.

"టిండాలంటే ఏటనుకుంటన్నారు అన్నయ్యగారూ? ఓడల్లో మనోళ్ళ జట్టుకి పెద్దని తండేలంటారు కదా. తెల్లోళ్ళకి నోరు తిరక్క టిండాల్ అనేవోళ్ళు," అని నవ్వాడు.

ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. పెళ్ళికొడుకు సుభాష్ ఇంటిపేరు తండేలు. రెండిళ్ళదీ ఒకటే ఇంటిపేరైతే సుభాష్, జయంతి అన్నాచెల్లెళ్ళ వరసవుతారు.

గోపాలం కంగారుగా అడ్డుపడ్డాడు. కాదు, ఇది అచ్చంగా ఇంగ్లీషు పేరు, హార్బరులో టిండాల్ దొర అని ఒకాయన ఉండేవాడు, ఆయన పేరే మా తాత బుల్లియ్యకి వచ్చింది అన్నాడు. ఆ కథ ఆయన వందసార్లు చెప్పి ఉంటాడు. ఎవరూ ఎప్పుడూ ఎదురుప్రశ్న వేయలేదు. నిన్న మాత్రం సుభాష్ తల్లి భాగ్యవతి అడిగింది.

"దొర పేరు మీ తాతకెందుకొచ్చింది?"

గోపాలం మళ్ళీ ఆ హార్బరు కథే మొదలుపెట్టాడు. వాళ్ళు లేచి వెళ్ళిపోయారు.

*

జయంతి కిటికీ దగ్గర కూర్చుని ఫోను చూస్తోంది. లమ్మడా పేటలో ఒక మందులషాపులో పనిచేస్తుంది. ఎదుటి హోల్‌సేల్ కొట్టులో సుభాష్. రెండేళ్ళుగా ఒకరికొకరు తెలుసు. ఈ సంబంధం కోసం అతని తల్లిని ఒప్పించడానికే ఏడాది పట్టింది.

"ఏటైనా దొరికిందా?" అని గోపాలం కూతుర్ని అడిగాడు.

"దొరికింది నాన్నా. టిండాల్ అన్న పేరు నిజంగానే ఉంది. ఇంగ్లండులో. ఉత్తరాన టైన్ అని ఒక ఏరుందట. డేల్ అంటే లోయ. టైన్‌డేల్ నుంచి వచ్చినోళ్ళని టిండాల్ అన్నారట. నాలుగైదు రకాలుగా రాస్తారు."

గోపాలం మొహం వెలిగింది. "విన్నావా? ఊరి పేరు అది. తండేలుకీ దానికీ సంబందమే లేదు."

"ఇంకోటి కూడా ఉంది. టైన్ అంటేనే పాత బాషలో ఏరు అని కొందరంటున్నారు. అంటే మొత్తం కలిపి ఏటి లోయ."

"ఏటి?" అంది రాధాకుమారి వంటింట్లోంచి.

"ఏటి లోయ అమ్మా."

"అదే, ఏటి లోయ అని అడుగుతన్నాను."

"అమ్మా, ఏరు. ఏటి ఒడ్డు అంటాం కదా, ఆ ఏటి. ఏటి లోయ."

రాధాకుమారి చేయి తుడుచుకుంటూ బయటికి వచ్చింది. కూతురి మొహం, భర్త మొహం మార్చిమార్చి చూసింది.

"ఇంగ్లండులో ఏరుంటే మనకేటి? ఆ ఏటి పక్కనున్నోళ్ళ పేరు శ్రీకాకుళం నుంచి ఓడెక్కొచ్చినోళ్ళ బిడ్డ మీ తాతకి ఎలాగొచ్చిందో అది సెప్పు. భాగ్యవతి వదిన అడిగింది అదే కదా."

"దొర పెంచుకున్నాడని నాన్న సెప్పీవోడు."

"బళ్ళో వేసినప్పుడు దొర పేరు రాయించేడని నాతో అన్నారు మావగారు. పెంచుకున్నాడా, రాయించేడా?"

"రెండూ అయ్యుండొచ్చు."

"ఊరికే ఎవులైనా పేరిస్తారేటి? తెల్లదొర కూలోడి కొడుక్కి పేరిచ్చేడంటే జనం ఏటనుకుంటారు? ఇన్నేళ్ళు బోర్డు మీద రాసుకున్నావు. ఒక్కసారైనా ఆలోచించేవా?"

గోపాలం కుర్చీలో వెనక్కి వాలాడు. నిజంగానే ఎప్పుడూ ఆలోచించలేదు. దొరపేరు అంటే గొప్ప అనుకున్నాడు అంతే. ఆ గొప్ప వెనక ఒక ఆడమనిషి ఉంటుందని, ఆమె తన తాతకు తల్లి అవుతుందని నిన్నటిదాకా తట్టలేదు.

ఆయన లేచి వెళ్ళి మూల గది తలుపు తట్టాడు. "అమ్మా."

లోపల ఆయన తల్లి పైడితల్లి ఉంది. ఎనభై దాటిన మనిషి. నిన్న భాగ్యవతి ఆ మాట అడిగినప్పుడు లోపలికి వెళ్ళింది, మళ్ళీ బయటికి రాలేదు. పొద్దున్న రాధాకుమారి తలుపు దగ్గర పెట్టిన అన్నం అలాగే ఉంది.

"అమ్మా, ఒక్క మాట. మా తాతకి ఆ పేరు ఎలాగొచ్చింది? నీకు తెలుసు కదా."

"నన్నడక్కు."

"నిన్నుకాకపోతే ఎవుల్నడగను?"

"అడక్కు అన్నాను కదా బాబూ."

గోపాలం తలుపు మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడ్డాడు. లోపల మంచం కిర్రుమంది.

జయంతి ఫోను మోగింది. సుభాష్. ఆమె మెట్ల మీదికి వెళ్ళి మాట్లాడింది.

"బయల్దేరుతున్నాం," అన్నాడు అతను గబగబా. "విను. మీ నాన్నని దొరపేరే అని సెప్పమను. పెంచుకున్నాడు, రాయించాడు అని నాన్చితే కుదరదు. మా ముత్తాత దొరకి పుట్టాడు... కాదు, మా తాత దొరకి పుట్టాడు అని సెప్పెయ్యమను. అమ్మ అలా అయితే ఒప్పుకుంటానంది."

"ఏటి సుభాష్, ఏటి మాట్లాడుతున్నావ్? నాన్న అలా అంటారా? నానమ్మ వింటే?"

"ఆ తల్లీకొడుకులు పోయి ఎన్నేళ్ళయిందో. ఇప్పుడెవరికి నష్టం? తండేలని తేలితే మనం అన్నాచెల్లెళ్ళం. అది బావుంటుందా నీకు?"

అతను చెప్పింది తప్పులా లేదు. ఒప్పులా కూడా లేదు.

"సెప్పి చూస్తాను," అంది.

ఇంట్లోకి వచ్చి ఉన్నదున్నట్టు తల్లిదండ్రులకు చెప్పింది. రాధాకుమారి నోరు నొక్కుకుంది.

"నువ్వేటంటావమ్మా?" అని గోపాలం కూతుర్ని అడిగాడు.

"నాకు తెలీదు నాన్నా."

"అతన్నే చేసుకోవాలని ఉందా?"

"ఉంది."

ఆయన తల ఊపాడు. దేనికి ఊపాడో ఆయనకే తెలిసినట్టు లేదు.

*

భాగ్యవతి మూడంతస్తుల మెట్లు ఎక్కి వచ్చి, ఆయాసం తీరేదాకా కుర్చీలో కళ్ళు మూసుకు కూర్చుంది. ఆమె తమ్ముడు కనకరాజు పక్కన కూర్చున్నాడు. సుభాష్ గోడవార స్టూలు లాక్కున్నాడు. జయంతి వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

రాధాకుమారి టీ తెచ్చింది. ఎవరూ తీసుకోలేదు.

పోయిన నెలంతా భాగ్యవతి గోపాలాన్ని "అన్నయ్యగారూ" అని నోరారా పిలిచింది. ఇవాళ ఏ వరసా పెట్టలేదు. తండేలువాళ్ళే అని తేలితే ఆయన ఆమెకు బావగారవుతాడు, అన్నయ్య కాడు. కనకరాజు కూడా "అన్న..." అని మొదలుపెట్టి దగ్గాడు.

"గోపాలం గారూ, మాకు మీమీద కోపమేటీ లేదు. వరస తేలాలి, అంతే."

"నాకు ఒకటే మాట కావాలి," అంది భాగ్యవతి. "మీ తాత తండేలు కొడుకా, తెల్లదొర కొడుకా?"

"అలాగడుగుతారేటి వదినా?" అంది రాధాకుమారి.

"మరెలాగడగాలో నువ్వు సెప్పు."

"ఓడకో తండేలు ఉంటాడు. రేవులో వందమంది తండేళ్ళుండీవోరు. అందరూ ఒక కడుపున పుట్టినోళ్ళేటి? అది పని పేరు. పని పేరు కలిసినంత మాత్రాన అన్నాచెల్లెళ్ళైపోతారా?"

కనకరాజు ఒప్పుకుంటున్నట్టు చెయ్యి ఎత్తాడు. "ఆ మాట నిజమేనమ్మా. అయితే ఆ తండేలుకి పని పేరు కింద అసలు ఇంటిపేరు ఒకటుండాలి కదా. అది సెప్పండి. వేరే పేరైతే ఇప్పుడే తాంబూలం పుచ్చుకుంటాం."

గోపాలం భార్య వైపు చూశాడు. ఆమె కూతురి వైపు చూసింది. ఆ ఇంట్లో ఎవరికీ ఇంకో పేరు తెలియదు. తాత, తండ్రి, తను. ముగ్గురికీ టిండాల్ తప్ప మరో ఇంటిపేరు వినపడలేదు.

"తెల్దు," అన్నాడు గోపాలం.

"అదే సిక్కు," అంది భాగ్యవతి. "తెలీని రక్తంలో పిల్లాణ్ణి ఎలాగిస్తాను? రేపు పిల్లలు పుడితే, ఏదైనా అయితే, ఊరంతా ఏటంటాది? అన్నాచెల్లెళ్ళకి పెళ్ళి సేసేరంటారు. నాకు మొగుడు లేడు. నోరు మూయించడానికి నాకెవులున్నారు?"

ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది.

"దొరపేరంటారు కదా మీరు," అంది మళ్ళీ. "అదే అయితే మాకు అడ్డు లేదు. తెల్లోడి రక్తం అనుకుంటాం, అంతేకదా. ఈ రంగూన్‌లో ఎన్ని ఇళ్ళలో లేదు? కాని తేల్చి సెప్పండి. పెంచుకున్నాడు, పేరు పెట్టేడు, అలాటి కబుర్లొద్దు. దొర కొడుకా కాదా?"

గోపాలం చేతులు మోకాళ్ళ మీద రుద్దుకున్నాడు. మూల గది తలుపు వైపు చూశాడు. జయంతికి "వద్దు నాన్నా" అని అనాలనిపించింది. "అనెయ్ నాన్నా" అని కూడా అనిపించింది. రెండూ అనలేదు.

"దొర కొడుకే," అన్నాడు గోపాలం.

"ఎవులు, బుల్లియ్యగారా?"

"అవును. మా తాతమ్మ దొర బంగళాలో పనిచేసీది. ఆయనకే పుట్టేడు మా తాత."

కనకరాజు గట్టిగా ఊపిరి వదిలాడు. "ఇంక అడ్డేటుంది అక్కా?"

సుభాష్ స్టూలు మీద కదిలాడు. భాగ్యవతి పళ్ళెం వైపు చెయ్యి చాచింది.

అప్పుడు మూల గది తలుపు తెరుచుకుంది.

పైడితల్లి బయటికి వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది. చేతిలో ప్లాస్టిక్ సంచి ఉంది. పళ్ళెం వైపు గాని, వచ్చినవాళ్ళ వైపు గాని చూడలేదు. నేరుగా కొడుకు ముందుకు వచ్చి నిలబడింది.

"నువ్వు మీ తాతమ్మని సూసేవా?"

"లేదమ్మా. నాను పుట్టకముందే పోనాది కదా."

"నాను సూసేను. ఈ ఇంటికొచ్చేటప్పటికి మంచంలో ఉంది. రోజూ తల దువ్వీదాన్ని. మరి పదిమందిలో కూకుని నువ్వెలాగ సెప్పేసేవు?"

"మరేటి సెయ్యమంటావు? పిల్ల పెళ్ళి ఆగిపోతాది."

"సెయ్యమనీ అన్లేదు, మానమనీ అన్లేదు. నాను ట్వంటే ఎల్తన్నాను. సెల్లెలింటికి."

"ఇప్పుడా? కూర్చో అత్తా, అన్నం తినలేదు నువ్వు," అంటూ రాధాకుమారి సంచి పట్టుకోబోయింది. ముసలామె వదల్లేదు. చెప్పులు వేసుకుని మెట్లు దిగడం మొదలుపెట్టింది.

గోపాలం లేవలేదు. ఒంటరిగా ఆ వయసులో ఆమె అంతదూరం ఎలా వెళుతుంది? జయంతి ఎవర్నీ అడగలేదు. బ్యాగు భుజాన వేసుకుని నానమ్మ వెనక దిగింది. పైనుంచి భాగ్యవతి గొంతు వినపడింది.

"కూకో సుభాష్. నువ్వెక్కడికి?"

*

ఇద్దరూ ట్యాక్సీ పట్టుకున్నారు. రేవు దగ్గర దిగి, దలా వెళ్ళే లాంచీ ఎక్కారు. నది దాటి దలాలో దిగితే అక్కణ్ణుంచి ట్వంటేకి బస్సు. ఉడికించిన పిట్టగుడ్లు అమ్మే ఒక బర్మా ఆమె పైడితల్లిని చూసి "అఫ్వా, ఇక్కడ కూర్చో" అని అవ్వని పిలిచినట్టు పిలిచి బల్ల మీద చోటిచ్చింది. నానమ్మ ఆమెతో బర్మాలో నాలుగు మాటలు మాట్లాడింది. మనవరాలితో మాత్రం మాట్లాడలేదు.

జయంతి ఆగలేకపోయింది.

"నాన్న అన్నది అబద్దమా నానమ్మా?"

పైడితల్లి బురదరంగు నీళ్ళ వైపు చూసింది.

"నాకు తెల్దు."

"తెలీదా?"

"మా అత్త దొర బంగళా అని సెప్పీది. మా మావ తండేలు దొర అని సెప్పీవోడు. ఆ రోజుల్లో పనిచ్చిన ప్రతోడూ దొరే. తెల్లోడూ దొరే, తండేలూ దొరే. మీ తాత ఒకసారి ఇలాగ, ఒకసారి అలాగ సెప్పీవోడు. నాను మావ తల్లి ముసలమ్మనే అడిగేను ఓసారి. తల దువ్వతా."

"ఏటంది?"

"ఆకలేసినప్పుడు అన్నం పెట్టినోడు అన్నాది. తెల్లోడా నల్లోడా అనలేదు. మళ్ళీ అడిగితే దువ్వెన లాక్కున్నాది."

జయంతి నానమ్మ వైపు జరిగింది. "మరి నాన్న అన్నది నిజమే కావచ్చు కదా?"

"కావచ్చు. అందుకే ఉండలేకపోనాను. అబద్దమైతే తిట్టి ఊరుకుందును. నిజమేమో. ఆవిడ సచ్చిందాకా సెప్పుకోలేదు. దాన్ని మీ నాన్న ఓ పళ్ళెం కోసం..."

ఆమె మాట పూర్తిచేయలేదు. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జయంతి ఆమె వీపు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి ఎవరి పక్షాన వేసిందో తనకే తెలియలేదు. నాన్న మీద కోపం రాలేదు. తనకోసమే కదా అన్నాడు. అతన్నే చేసుకోవాలని ఉందా అని అడిగితే, ఉంది అన్నది తనే కదా.

లాంచీ కదలబోతుండగా సుభాష్ పరుగెత్తుకుంటూ వచ్చి ఎక్కాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది. జనాన్ని తోసుకుంటూ వచ్చి వాళ్ళ ముందు నిలబడ్డాడు.

"అమ్మ తాంబూలం పుచ్చుకుంది," అన్నాడు. నవ్వు మొహం పెట్టాలని చూశాడు. "శుక్రవారం కోవెల్లో పెద్దల ముందు మాట అనుకుందామంది. అయితే మామ్మా, మీరు రావాలి. ఆ మాట పెద్దవారు మీరు ఒక్కసారి సెప్తే చాలంట. ఆపైన ఎవరూ ఏటీ అనరు."

"ఏ మాట బాబూ?"

"అదే... దొర సంగతి."

పైడితల్లి అతన్ని తేరిపార చూసింది. "ఈ పిల్లంటే నీకు ఇష్టమేనా?"

"ఇష్టం మామ్మా. మీకు తెలీదా?"

"అయితే కూకో. నిలబడి ఊగిపోతన్నావు."

అంతే అంది. ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు. సుభాష్ జయంతి పక్కన కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా నానమ్మ ప్లాస్టిక్ సంచి ఉంది.

నది మధ్యకు వచ్చారు. జయంతికి పొద్దున్నుంచీ విన్న మాటలన్నీ బుర్రలో తిరుగుతున్నాయి. ఏటి లోయ. తండేలు. దొర బంగళా. అసలు ఇంటిపేరు ఏదో చెప్పండి అని కనకరాజు అడిగిన మాట. అందరూ తమ పేరే అడిగారు. తమ పేరు గురించే తండ్రి తల దించుకున్నాడు.

"సుభాష్, మీకు తండేలు అన్న పేరు ఎలా వచ్చింది?"

అతను మధ్యలో ఉన్న సంచిని కాస్త పక్కకు జరిపాడు.

"నిన్నే. మీ ముత్తాత కూడా తండేలేనా? ఏ ఓడ మీద?"

"ఇప్పుడదెందుకు?"

"ఊరికే. ఎప్పుడైనా మీ అమ్మని అడిగావా?"

"అడిగేను," అన్నాడు అతను. "నిన్న ఇంటికెళ్ళాక."

"ఏమన్నారు?"

"ఏడిచింది."

పైడితల్లి కూడా అటు తిరిగింది. సుభాష్ రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు.

"ఆ పేరు మనది కాదురా అంది. మా తాత పనికోసం ఇక్కడికి వచ్చినప్పుడు ఎవరో తండేలు జట్టులో చేరాడట. ఆయన మనిషినని సెప్పుకుంటే పని దొరుకుతుందని ఆ పేరే తగిలించుకున్నాడట. మాకు వేరే ఇంటిపేరుంది. అదేటి అంటే మాత్రం సెప్పలేదు. ఎంత అడిగినా సెప్పలేదు."

జయంతికి ఒక క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఒక్కొక్కటే అర్థమవుతూ వచ్చింది. తండేలు వాళ్ళ పేరు కాదు. అయితే తమది తండేలైనా, ఏటి లోయైనా ఒకటే. వరస తప్పే ప్రశ్నే లేదు. అడ్డన్నది మొదటినుంచీ లేదు.

"ఇది నీకు నిన్ననే తెలుసా?"

"తెలుసు గాని..."

"పొద్దున్న నాకు ఫోను చేసినప్పుడు తెలుసు."

"జయంతీ, ఎవరికీ సెప్పొద్దని అమ్మ ఒట్టేయించుకుంది. నాకేటీ అర్థం కాలేదు. మీ నాన్న దొరపేరు అనేస్తే అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి, మా సంగతి బయటికి రాదు అనుకున్నాను. మీ నాన్నకి ఆ పేరంటే ఎలాగూ ఇష్టమే కదా అనుకున్నాను."

"మా నాన్న ఆ మాట అంటుంటే నువ్వు స్టూలు మీద కూర్చుని విన్నావు."

అతను తడిసిన చొక్కా కాలరు లాక్కున్నాడు.

"మీ అమ్మకీ తెలుసు. తెలిసీ, దొర కొడుకా కాదా అని మళ్ళీమళ్ళీ అడిగారు."

"అమ్మకి బయం. మా అసలు పేరు బయటపడితే ఏటవుతుందోనని. ఏటి బయమో నాకూ సెప్పట్లేదు."

పిట్టగుడ్ల ఆమె గంప సర్దుకుంది. దలా ఒడ్డు దగ్గరికొచ్చింది. లాంచీ ఒడ్డుకు తగలగానే జనం ఒక్కసారిగా లేచారు. జయంతి లేవలేదు. ఇప్పుడు ఈ పెళ్ళికి ఏ అడ్డూ లేదు. అయినా పక్కనున్న మనిషి వైపు తల తిప్పాలంటే ఆమెకు కష్టంగా ఉంది. అతని భుజం తనకు ఎంతో అలవాటైన భుజం. అది ఇప్పుడు ఎవరిదో అనిపించింది.

ఫోను మోగింది. నాన్న.

"అమ్మా, నానమ్మ బాగానే ఉందా?" అన్నాడు గోపాలం. "తాంబూలం పుచ్చుకున్నారమ్మా. అంతా అయిపోయింది. నానమ్మని ఎలాగోలాగ తీసుకొచ్చెయ్. కాళ్ళు పట్టుకుంటానని సెప్పు. నానన్నది నిజమో కాదో నాకే తెల్దమ్మా. నీ మొహం సూసేను, నోట్లోంచి వచ్చేసింది."

సుభాష్ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. కళ్ళతో బతిమాలుతున్నాడు. పైడితల్లి సంచి ఒళ్ళో పెట్టుకుని మనవరాలినే చూస్తోంది.

"నాన్నా," అంది జయంతి. "వాళ్ళింకా అక్కడే ఉన్నారా?"

"ఉన్నారు. అమ్మ భోజనాలు వడ్డిస్తోంది. ఏటమ్మా?"

"ఫోను ఒకసారి సుభాష్ వాళ్ళమ్మకివ్వు."

"అత్తయ్యకా? ఎందుకు?"

"ఇవ్వు నాన్నా."

అటువైపు గిన్నెల చప్పుడు, కనకరాజు ఏదో అంటున్న మాట, ఆపైన ఫోను చేతులు మారిన చప్పుడు వినిపించాయి.

"ఏటమ్మా?" అంది భాగ్యవతి.

"అత్తయ్యా, మీ అసలు ఇంటిపేరేటి?" అని అడిగింది జయంతి.